ఏళ్ల తరబడి క్రమంగా మందులు వాడినవారు మధ్యలో ఎందుకు ఆపేస్తున్నారు? (హెచ్‌ఐవీ జీవితకాల చికిత్స)

దరిదీపం (చర్చ ప్రారంభించినవారు)

సభ్యులందరికీ నమస్కారం. నేను హెచ్‌ఐవీ చికిత్స పొందుతున్నవారికి కౌన్సెలింగ్ చేసే పనిలో ఉన్నాను. చికిత్స మొదలైన తొలి నెలల్లో కొందరు ఎందుకు ఆగిపోతారన్నదానిపై మా రంగంలో చాలా చర్చ జరిగింది. వ్యాధి ఉందని తెలిసిన దిగ్భ్రాంతి, కొత్త మందు పెట్టే ఇబ్బంది, ఇంట్లో చెప్పుకోలేని పరిస్థితి వంటివి అక్కడ స్పష్టంగానే కనిపిస్తాయి. నన్ను వేధిస్తున్న ప్రశ్న వేరు. ఏళ్ల తరబడి క్రమం తప్పకుండా వచ్చి మందులు తీసుకెళ్లినవారు, రక్తంలో వైరస్ పరీక్షకు సైతం అందనంతగా తగ్గినవారు, హాయిగా ఉద్యోగాలు చేసుకుంటున్నవారు ఉన్నట్టుండి రావడం మానేస్తున్నారు. కొన్ని నెలల తర్వాత ఎలాగో కలుసుకుని అడిగితే "మరిచిపోయానండీ" అనో, "పని ఒత్తిడి" అనో చెబుతారు, మేమూ దస్త్రంలో అదే రాసుకుంటాం. అన్నేళ్లు గుర్తున్నది ఒక్కసారిగా ఎలా మరుపుకు వస్తుందో నాకు అంతుపట్టడం లేదు.

స్వయంగా మందులు వాడుతున్నవారు, వైద్యులు, ఫార్మసిస్టులు, ఇంట్లో ఎవరికైనా తోడుగా ఉంటున్నవారు తమకు అసలు కారణమని తోచినది రాయవలసిందిగా కోరుతున్నాను. ఎవరినైనా గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలు మాత్రం దయచేసి రాయకండి.

సూటిమాట

నా మాట కొందరికి కటువుగా తోచవచ్చు. రోజుకు ఒక్క మాత్ర, అదీ చాలా దేశాల్లో ప్రభుత్వమే ఉచితంగా చేతిలో పెడుతున్న మాత్ర. మధుమేహం ఉన్నవారు రోజూ సూది గుచ్చుకుంటున్నారు. మూత్రపిండాలు చెడినవారు వారానికి రెండు మూడు రోజులు డయాలిసిస్ యంత్రం పక్కన గంటలు గడుపుతున్నారు. వారి అవస్థ ముందు ఈ ఒక్క మాత్ర మోయలేనంత బరువని నేను అనుకోవడం లేదు. ప్రాణం నిలబెడుతున్న మందును తనంతట తాను ఆపేసినవారి విషయంలో కారణాలు వెతుకుతూ కూర్చోవడం కంటే వారి బాధ్యతను గట్టిగా గుర్తుచేయడమే మేలు.

పాతతరం

సూటిమాట గారు, మధుమేహం ప్రస్తావన తెచ్చారు కాబట్టి ముందు అక్కడికే వస్తాను. దీర్ఘకాలిక వ్యాధులున్నవారిలో, అభివృద్ధి చెందిన దేశాల్లో కూడా, సగటున సగం మందే మందులను చెప్పిన ప్రకారం వాడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003 నాటి నివేదికలోనే పేర్కొంది. అంటే ఆపేయడం అనేది హెచ్‌ఐవీ ఉన్నవారికే ప్రత్యేకమైన దుర్గుణం కాదు. తేడా ఎక్కడంటే, రక్తపోటు మాత్ర అందరి కళ్ల ముందూ బల్ల మీద ఉంటుంది, ఒక పూట వేసుకోకపోతే ఇంట్లో ఎవరో ఒకరు గుర్తుచేస్తారు. మా మాత్రను మేము దాచుకుంటాం, దాచుకున్నదాన్ని గుర్తుచేసేవారు ఉండరు.

నేను తొలితరం మందుల కాలం నుంచీ చికిత్సలో ఉన్నవాణ్ణి. 1987లో ఆమోదం పొందిన మొదటి మందు జిడోవుడిన్‌ను నాలుగు గంటలకోసారి, అర్ధరాత్రి కూడా లేచి వేసుకోవలసి వచ్చేదని మాకంటే ముందువారు చెప్పేవారు. 1996 ప్రాంతంలో మూడు మందులను కలిపి ఇచ్చే పద్ధతి వచ్చి మరణాలు గణనీయంగా తగ్గాయి గానీ, ఇండినావిర్ వంటి మందును ఎనిమిది గంటలకోసారి ఖాళీ కడుపుతో వేసుకోవాలి, రోజుకు కనీసం లీటరున్నర నీళ్లు తాగాలి, తాగకపోతే మూత్రపిండాల్లో రాళ్లు పడే ప్రమాదం ఉండేది. స్టావుడిన్ వాడినవారికి బుగ్గల్లో కొవ్వు కరిగి ముఖం లోతుకు పోయేది, అరికాళ్లలో మంటలు పుట్టేవి. నా పాదాల్లో ఆ తిమ్మిరి ఇప్పటికీ ఉంది. అంత కష్టంలోనూ మేము మందు వదలలేదంటే ఇప్పటివారికంటే బాధ్యత ఎక్కువ ఉన్నవాళ్లమని కాదు. మాలో చాలామందిమి మంచం పట్టి, తోటివారు పోవడం చూసి, ఆ తర్వాత మందు మొదలుపెట్టినవాళ్లం. మందు ఏం చేసిందో మా ఒంటికి తెలుసు.

ఇప్పటి పద్ధతి వేరు. రోగనిరోధక శక్తికి మూలమైన, ఈ వైరస్ దెబ్బతీసే సీడీ4 కణాల సంఖ్య ఎంత ఉన్నా, వ్యాధి నిర్ధారణ అయిన ప్రతి ఒక్కరికీ చికిత్స ప్రారంభించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సిఫారసు చేసింది. ఆ నిర్ణయంతో నాకు పేచీ లేదు. అయితే దానివల్ల ఆరోగ్యంగా నడుచుకుంటూ వచ్చిన మనిషి చేతికి మాత్ర అందుతోంది. అతనికి జబ్బు ఎలా ఉంటుందో తెలియదు, మాత్ర వేసుకుంటే కొత్తగా వచ్చే సుఖమూ లేదు. తనకు జబ్బుందని రోజంతటిలో గుర్తుచేసేది ఆ మాత్ర ఒక్కటే. నాకు తెలిసినవారిలో ఎక్కువమంది మాత్ర గుర్తులేక మానలేదు, ఆ ఒక్క నిమిషం జబ్బును తలుచుకోవడం ఇష్టంలేక మానారు.

మొదలు ఎలా అవుతుందో కూడా చెబుతాను. సీసా కదిపితే చప్పుడవుతుందని అందులో దూది కుక్కుతాం. పైన ఉన్న చీటీ చింపేస్తాం. విటమిన్ సీసాలోకి మారుస్తాం. ప్రయాణంలోనో, నలుగురితో ఒకే గదిలో పడుకోవలసి వచ్చినప్పుడో సంచి తెరిచే వీలు దొరకదు. ఆ పూట తప్పుతుంది. మర్నాడు ఒంట్లో ఏ మార్పూ ఉండదు. ఏమీ కాలేదన్న ఆ అనుభవం చాలా ప్రమాదకరమైనది, ఎందుకంటే అది నిజంగా జరిగిన అనుభవం, వైద్యులు చెప్పిన ప్రమాదమేమో విన్న మాట మాత్రమే.

ఓపీ గది

నేను వైద్యుణ్ణి. పాతతరం గారు చెప్పిన ఆ 'ఏమీ కాలేదు' అన్నచోటే ఈ చికిత్సలోని చిక్కంతా ఉంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మందులు వైరస్ వృద్ధిని పూర్తిగా అడ్డుకోగలవు గానీ, విశ్రాంత స్థితిలో ఉన్న కొన్ని సీడీ4 కణాల జన్యుపదార్థంలో కలిసిపోయి నిద్రాణంగా ఉన్న వైరస్‌ను తాకలేవు. నివురుగప్పిన నిప్పులా ఉండే ఈ నిల్వ ఎంత నెమ్మదిగా తరుగుతుందంటే, సగానికి తగ్గడానికే సుమారు 44 నెలలు పడుతుందనీ, ఆ లెక్కన మందులతోనే అది పూర్తిగా పోవాలంటే 70 ఏళ్లకు పైగా కావాలనీ పరిశోధకులు అంచనా వేశారు. జీవితకాలం వాడాలని చెప్పడానికి మూలం ఇదే. మందు ఆపిన చాలామందిలో రెండు నుంచి నాలుగు వారాల్లోనే వైరస్ మళ్లీ రక్తంలో కనిపిస్తుంది. కనిపించేది పరీక్షలో మాత్రమే, మనిషికి తెలియదు. సీడీ4 కణాలు తగ్గి క్షయ వంటి వ్యాధులు చుట్టుముట్టడానికి నెలలు, కొందరికి ఏళ్లే పట్టవచ్చు. మందు మానిన పనికీ దాని పర్యవసానానికీ మధ్య ఇంత ఎడం ఉన్నప్పుడు ఆ రెండింటినీ ముడిపెట్టి చూడటం ఎంత చదువుకున్నవారికైనా సులువు కాదు.

పైగా కొందరికి మానేసిన వెంటనే కొంత సుఖం కూడా కలుగుతుంది. ఎఫావిరెంజ్ వాడిన రోజుల్లో తల తిరుగుడు, కలత నిద్ర, కళ్లకు కట్టినట్టు వచ్చే భయంకరమైన కలలు చాలామందిని వేధించేవి. మాత్ర ఆపితే హాయిగా నిద్రపట్టేది. ప్రస్తుతం మొదటి వరుసలో ఉన్న డోల్యుటెగ్రావిర్ అంతకంటే ఎంతో సౌకర్యమైనదే అయినా, కొందరికి నిద్రలేమి, కొందరికి బరువు పెరగడం తప్పడం లేదు. మానితే శిక్ష ఎప్పుడో వస్తుంది, బహుమతి మాత్రం ఆ రాత్రే అందుతుంది.

కొంతకాలం వాడి కొంతకాలం ఆపితే ఏమవుతుందన్న ప్రశ్నకు వైద్యశాస్త్రం గట్టిగానే సమాధానం వెతికింది. 33 దేశాల్లో 5,472 మందితో జరిగిన స్మార్ట్ అధ్యయనంలో ఒక వర్గానికి సీడీ4 సంఖ్య 350 దాటితే మందు ఆపి, 250 కంటే తగ్గితే మళ్లీ ఇచ్చారు. మందు ఆపకుండా వాడినవారితో పోలిస్తే ఈ వర్గంలో అవకాశవాద వ్యాధులు (రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు అదను చూసి సోకేవి) లేదా మరణాల ప్రమాదం రెండున్నర రెట్లకు మించి ఉండటంతో 2006 జనవరిలో ఆ ప్రయోగాన్ని నిలిపివేయవలసి వచ్చింది. విశ్రాంతి ఇద్దామన్న ఆలోచన వైద్యులకే వచ్చిందంటే రోగికి రావడంలో వింత ఏముంది?

మరొక ముఖ్యమైన మాట. హెపటైటిస్ బి కూడా ఉన్నవారికి ఇదే మాత్రలోని టెనోఫోవిర్, లామివుడిన్ ఆ వైరస్‌నూ అదుపులో ఉంచుతాయి. ఉన్నట్టుండి ఆపితే కాలేయం తీవ్రంగా దెబ్బతినవచ్చు. ఈ సంగతి తెలియకుండా ఆపేసినవారిని నేను చూశాను.

సూటిమాట

వైద్యులు గారు చెప్పినది విన్నాక నా అభిప్రాయం ఇంకా బలపడింది. ఇంత ప్రమాదం ఉన్నప్పుడు ఆ భయాన్నే గట్టిగా కలిగించాలి కదా? మెత్తగా చెబితే ఎవరూ వినరు.

క్షేత్రం

సూటిమాట గారు, భయపెట్టే పని మేము చాలా కాలం శ్రద్ధగా చేశాం. నేను చికిత్స మధ్యలో ఆగిపోయినవారిని వెతికి తిరిగి తీసుకువచ్చే పనిలో ఉన్నాను. భయపెట్టడం వల్ల ఎక్కువగా జరిగేది ఏమిటంటే, తప్పినవారు తప్పినట్టు చెప్పడం మానేస్తారు. అంతకు మించి, తిరిగి రావడమే మానేస్తారు.

ఎలా జరుగుతుందో చూడండి. ఒకరికి మందు తీసుకోవలసిన రోజున పని దొరికింది. ఆ రోజు కూలి వదులుకుంటే ఇల్లు గడవదు. వారం తర్వాత వెళదామనుకుంటారు. వారం తర్వాత వెళితే 'ఎందుకు ఆలస్యమైంది' అని నలుగురి ముందు అడుగుతారని గుర్తొస్తుంది. క్రితంసారి అడిగినప్పుడు ఎలా తలదించుకున్నదీ గుర్తొస్తుంది. ఇంకో వారం గడుస్తుంది. ఇప్పుడు ఆలస్యం నెలకు చేరింది కాబట్టి అడగబోయే ప్రశ్న మరింత పెద్దదవుతుంది. ఒక వారపు ఆలస్యం ఏడాది ఎడబాటుగా మారడానికి జబ్బు మీద నిర్లక్ష్యం అక్కర్లేదు, మొహం చెల్లకపోవడం చాలు. నేను ఇళ్లకు వెళ్లి మాట్లాడినవారిలో చాలామంది మాత్రల ఊసు ఎత్తలేదు, ఫలానా మనిషి ఇంకా అక్కడే పనిచేస్తున్నారా అని అడిగారు. ఆ ప్రశ్న విన్నప్పుడల్లా నాకు మా వ్యవస్థ మీదే కోపం వస్తుంది.

ఇంకా కొన్ని మామూలు సంగతులున్నాయి. బతుకుతెరువు కోసం ఊళ్లు మారేవారికి ఒక కేంద్రం నుంచి మరొక కేంద్రానికి మారడానికి కావలసిన కాగితాలే పెద్ద అడ్డంకి. తెలిసినవారి కంట పడతామని దగ్గరలో ఉన్న కేంద్రాన్ని వదిలి దూరంగా ఉన్నదాన్ని ఎంచుకున్నవారికి ప్రయాణ ఖర్చు రెట్టింపవుతుంది. నిలకడగా ఉన్నవారికి మూడు నెలలకు, ఆరు నెలలకు సరిపడా మందు ఒకేసారి ఇవ్వడం మొదలయ్యాక ఈ బాధలు చాలావరకు తగ్గాయి. అయితే ఆరు నెలల సీసాలను ఎక్కడ దాచాలన్నది ఒంటరి గది లేనివారికి కొత్త సమస్య.

లెక్కలపుస్తకం

నేను ఆరోగ్య గణాంకాల పని చేస్తాను. క్షేత్రం గారు చెప్పిన దానిలో 'తప్పినట్టు చెప్పడం మానేస్తారు' అన్న మాట మా లెక్కలన్నిటినీ ప్రశ్నార్థకం చేస్తుంది. మందు ఎంత క్రమంగా వాడుతున్నారో తెలుసుకోవడానికి ఎక్కువచోట్ల రోగినే అడుగుతారు. నోటిమాటగా వచ్చే అంకె దాదాపు ఎప్పుడూ వాస్తవం కంటే ఎక్కువగానే ఉంటుంది. మిగిలిన మాత్రలు లెక్కపెడదామంటే, వచ్చే ముందు అదనపు మాత్రలు పారేసి వచ్చేవారుంటారు. రక్తంలో మందు ఎంత ఉందో చూద్దామంటే, పరీక్షకు ముందు కొద్ది రోజులు మాత్రం శ్రద్ధగా వేసుకుని వచ్చేవారూ ఉంటారు. ఎండిన రక్తపు చుక్కలోనో, వెంట్రుకలోనో మందు ఆనవాళ్లు కొలిస్తే గడిచిన వారాల సంగతి తెలుస్తుంది గానీ, అది పరిశోధనల్లో జరిగినంతగా మామూలు కేంద్రాల్లో జరగదు. చివరికి ఆధారపడదగినది రక్తంలో వైరస్ ఎంత ఉందో కొలిచే వైరల్ లోడ్ పరీక్షే. అది కూడా ఫలితం చెబుతుంది తప్ప కారణం చెప్పదు.

ఇక 95 శాతం అనే అంకె గురించి. వందకు 95 మోతాదులు తప్పనిసరి అని చాలాచోట్ల శాసనంలా చెబుతారు. రోజుకో మాత్ర లెక్కన నెలలో రెండు తప్పితే ఆ గీత దాటినట్టే. 2000లో వెలువడిన ఒక అధ్యయనం నుంచి ఈ అంకె ప్రచారంలోకి వచ్చింది. అది ప్రొటియేజ్ నిరోధకాలు అనే అప్పటి తరగతి మందులు వాడుతున్నవారి మీద చేసినది. ఇప్పటి మందులు శరీరంలో ఎక్కువసేపు నిలుస్తాయి, అంతకంటే తక్కువ క్రమంతో వాడినా చాలామందిలో వైరస్ అదుపులోనే ఉంటోంది. అయినా పాత అంకెనే పట్టుకుని చెప్పడం వల్ల, నెలలో నాలుగు మాత్రలు తప్పినవారు 'ఎలాగూ చెడిపోయింది కదా' అని మిగతావీ వదిలేసిన సందర్భాలు ఉంటాయని నా అనుమానం.

ఓపీ గది

లెక్కలపుస్తకం గారి మాటతో చాలావరకు ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక చేయాలి. అక్కడొకటి ఇక్కడొకటి తప్పడం వేరు, వరసగా రెండు మూడు వారాలు ఆగడం వేరు. రెండోదాన్ని ఏ మందూ మన్నించదు. పైగా అన్ని మందులూ ఒక్కసారిగా శరీరం నుంచి పోవు. ఎఫావిరెంజ్ వాడినవారు మాత్ర మానినప్పుడు తోటి మందులు త్వరగా వెళ్లిపోయి, అది ఒక్కటే వారానికి పైగా కొద్దికొద్దిగా మిగిలేది. వైరస్‌కు ఒంటరి మందు ఎదురైనప్పుడే నిరోధకత, అంటే మందుకు వైరస్ లొంగని స్థితి, పుడుతుంది, ఆ మందు విషయంలో ఒక్క జన్యుమార్పు చాలు. డోల్యుటెగ్రావిర్ అంత సులువుగా లొంగదు. అయినా దానికీ నిరోధకత కనిపిస్తోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో తెలియజేసింది. కాబట్టి వెసులుబాటు ఉందని రోగికి చెప్పవలసిందే గానీ, ఏ మేరకు ఉందో కూడా చెప్పాలి.

సాధారణంగా అడిగే ప్రశ్నకు సమాధానం కూడా ఇక్కడే రాస్తాను. రోజుకో మాత్ర వాడేవారు ఒక పూట మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకోవచ్చు. తర్వాతి మోతాదు వేళ దగ్గరపడితే దాన్ని మాత్రమే వేసుకోవాలి, రెండు కలిపి వేసుకోకూడదు.

పిన్నినే అమ్మని

ఇక్కడ పెద్దవారి గురించే మాట్లాడుతున్నారు కాబట్టి నా సంగతి రాయాలనిపించింది. మా అక్క పోయాక ఆమె బిడ్డను నేనే పెంచాను. పుట్టుకతోనే వైరస్ సోకింది. చిన్నప్పుడు 'ఊపిరితిత్తుల బలానికి' అని చెప్పి మందు పట్టేదాన్ని, తను కూడా ఎదురు చెప్పకుండా మింగేది. పన్నెండు, పదమూడేళ్ల వయసులో మందు సీసా మీద పేరు చూసి, దాని గురించి వెతికి, తనంతట తానే తెలుసుకుంది. ఆ తర్వాత కొన్ని వారాల పాటు నా ఎదుట మాత్ర నోట్లో వేసుకుని, నేను పక్కకు తిరగ్గానే ఉమ్మేసేదని వైరల్ లోడ్ ఫలితం వచ్చాకే నాకు తెలిసింది.

తను నాతో అన్నది ఏమిటంటే, 'నేను చేసిన తప్పు ఒక్కటి చూపించు పిన్నీ, అప్పుడు వేసుకుంటాను.' దానికి నా దగ్గర సమాధానం లేదు. బాధ్యత గురించి రాసిన సభ్యులు ఇలాంటి పిల్లలకు ఏం చెబుతారో నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది. ఆ వయసులో పిల్లల చేతిలో ఉండేది చాలా తక్కువ. చదువు మనం చెప్పినట్టే, ఇంటికి వచ్చే వేళ మనం చెప్పినట్టే. మాత్ర మింగడమా మానడమా అన్నది మాత్రం పూర్తిగా తన చేతిలో ఉన్న విషయం. వైద్యులు ఇప్పుడు వయసుకు తగ్గట్టు చిన్నప్పటి నుంచే కొద్దికొద్దిగా చెప్పమంటున్నారు. తనకు మళ్లీ దారి దొరికింది మాత్రం నా వల్ల కాదు, తనలాంటి తోటి పిల్లల బృందంలో కలిశాకే. అక్కడ ఏం మాట్లాడుకుంటారో నేను అడగను.

నీలిగడప

పిన్నినే అమ్మని గారు, మీ మాటలు చదివి నేనూ నాలుగు వాక్యాలు రాస్తున్నాను. గర్భవతిగా ఉన్నప్పుడు పరీక్షలో బయటపడింది. కడుపులో బిడ్డకు సోకకూడదన్న ఒక్క పట్టుదలతో ఒక్క పూట కూడా తప్పలేదు. బిడ్డకు లేదని తేలిన రోజు నుంచీ నా మందు వెనక్కు పోయింది. బిడ్డ కోసం వేసుకున్న మాత్రను నా కోసం వేసుకోవాలంటే ఆ బలం ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో తెలియలేదు. రాత్రంతా మేలుకుని, పగలు ఇంటిపని చేసి, నా వేళ అంటూ ఏదీ మిగలని రోజుల్లో ఇది జరిగింది. తొమ్మిది నెలలూ నన్ను ప్రతిసారీ పేరు పెట్టి పలకరించినవారు ఆ తర్వాత బిడ్డ పరీక్షల గురించి తప్ప నా గురించి అడగలేదు.

ఓపీ గది

నీలిగడప గారు, ఇది మీ ఒక్కరి అనుభవం కాదు. గర్భిణులందరికీ సీడీ4 సంఖ్య చూడకుండా జీవితకాల చికిత్స మొదలుపెట్టే విధానాన్ని 2011లో మలావీ దేశం ముందుగా చేపట్టింది, తర్వాత ప్రపంచమంతా అనుసరించింది. బిడ్డలకు సోకడం బాగా తగ్గింది. కాన్పు తర్వాత తల్లులు చికిత్స నుంచి జారిపోవడం మాత్రం ఎన్నో దేశాల్లో నమోదైంది.

మందులబల్ల

ఫార్మసిస్టుగా నాకు కనిపించేవి చిన్న విషయాలే, అయినా వాటి వల్లే చాలామంది ఆగిపోవడం చూస్తున్నాను. నిన్నటిదాకా తెల్లగా ఉన్న మాత్ర ఈ నెల వేరే రంగులో, వేరే ఆకారంలో వస్తుంది. తయారీ సంస్థ మారింది తప్ప మందు అదే. ఆ మాట ఎవరూ చెప్పరు. నాసిరకం మందు అంటగట్టారని అనుమానించి సీసాను తెరవకుండానే పక్కన పెట్టినవారున్నారు. సరఫరా ఆలస్యమై నెల మందు బదులు వారం మందే ఇచ్చినప్పుడు, 'తప్పకూడదని మాకు చెప్పేవారే తప్పిస్తున్నారు' అని ఒకరు నాతో అన్నారు. నాకు జవాబు దొరకలేదు.

రెండో సంగతి, ఒంటికి సరిపడని విషయాలు వైద్యుడి దాకా చేరవు. బరువు పెరిగిందని, నిద్ర లేదని, దాంపత్యంలో ఆసక్తి తగ్గిందని మందులు కట్టిస్తుండగా గొణుగుతారు. లోపల చెప్పారా అంటే, 'ప్రాణం కాపాడుతున్న మందుకు వంక పెడితే ఏమనుకుంటారో' అంటారు. మందు మార్చుకునే అవకాశం ఉందని కూడా వారిలో చాలామందికి తెలియదు. మూడోది, ఇతర మందులతో పొంతన. డోల్యుటెగ్రావిర్‌ను ఐరన్, కాల్షియం మాత్రలతో ఖాళీ కడుపున కలిపి వేసుకుంటే అది ఒంటికి సరిగ్గా పట్టదు. వాటికి రెండు గంటల ముందుగానీ, ఆరు గంటల తర్వాతగానీ వేసుకోవాలి, లేదా అన్నీ భోజనంతో కలిపి వేసుకోవాలి. క్షయకు రిఫాంపిసిన్ వాడుతున్నవారికైతే రోజుకు రెండుసార్లు ఇవ్వాలి. ఒక్క పూట తప్పకుండా వేసుకున్నా వైరల్ లోడ్ పెరిగి, 'మీరు వాడటం లేదు' అని నింద పడ్డవారిలో ఇలాంటివారూ ఉంటారు. నింద పడ్డాక నిజంగానే మానేస్తారు.

కొత్తసభ్యుడు

రోజూ మాత్రే సమస్య అయితే ఇప్పుడు ఇంజెక్షన్లు వచ్చాయి కదా, వాటితో ఇదంతా తీరిపోదా?

ఓపీ గది

కొంతమందికి తీరుతుంది. కాబోటెగ్రావిర్, రిల్పివిరిన్ జంట ఇంజెక్షన్‌ను అమెరికాలో 2021లో అనుమతించారు, రెండు నెలలకోసారి ఇస్తే సరిపోతుంది. మాత్రలు క్రమంగా వాడలేకపోయినవారి మీదే జరిగిన ఒక పరీక్షలో మాత్రల కంటే ఇదే మెరుగైన ఫలితం ఇచ్చిందని 2024లో వెల్లడైంది. ఇంట్లో సీసా ఉండదు, రోజువారీ గుర్తు ఉండదు. పాతతరం గారు చెప్పిన బాధకు ఇది సూటిగా తగిలే మందు. అయితే రిల్పివిరిన్‌ను చల్లగా నిల్వచేయాలి, హెపటైటిస్ బి మీద ఈ జంట పనిచేయదు, వేళకు రాకపోతే మందు తక్కువ పాళ్లలో నెలల తరబడి ఒంట్లో మిగిలి నిరోధకతకు తావిస్తుంది. అన్నిటికంటే ముందు, చాలా దేశాల్లో ఇది ఇంకా సామాన్యుల చేతికి అందలేదు.

క్షేత్రం

నావైపు నుంచి ఒక మాట. ఆరు నెలల మాత్రలు తీసుకునేవారు ఏడాదికి రెండుసార్లు వస్తే చాలు. ఇంజెక్షన్ అయితే ఆరుసార్లు రావాలి. సీసా దాచుకోవడం కష్టమైనవారికి ఇది వరం, రావడమే కష్టమైనవారికి భారం. ఎవరికి ఏది కష్టమో అడగకుండా మందు మార్చితే ఒక ఇబ్బంది తీసి మరొకటి పెట్టినట్టవుతుంది.

సూటిమాట

పిన్నినే అమ్మని గారు నన్ను నేరుగా అడిగారు. పిల్లల విషయంలో నేను బాధ్యత మాట ఎత్తను. పెద్దవారి విషయంలో మాత్రం నా ప్రశ్న అలాగే ఉంది. వ్యవస్థ లోపాలు, సమాజపు వివక్ష అన్నీ ఒప్పుకుందాం. చివరికి మాత్ర నోట్లో వేసుకోవలసినది ఆ మనిషే కదా? అన్నిటికీ బయటి కారణాలే చూపిస్తే ఆ మనిషి చేయవలసినది ఏమీ లేదని చెప్పినట్టు కాదా?

పాతతరం

వేసుకోవలసినది మేమే, అందులో వాదన లేదు. ఇన్నేళ్లూ వేసుకున్నదీ మేమే. ప్రపంచంలో 2023 నాటికి దాదాపు 3 కోట్ల మంది ఈ చికిత్సలో ఉన్నారు. మా బాధ్యత గురించి మాట్లాడేటప్పుడు ఆగిపోయిన రోజుల లెక్కతో పాటు వేసుకున్న రోజుల లెక్క కూడా తీయండి అని మాత్రమే నా మనవి. పదేళ్లు సక్రమంగా వాడి మూడు నెలలు ఆపినవారిని చూసిన వెంటనే ఆ మూడు నెలల గురించే ప్రశ్న మొదలవుతుంది. పదేళ్లు ఎలా చేయగలిగారని నన్ను ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాణ్ణి. నా విషయంలో పట్టు నిలిచింది భయం వల్ల కాదు. వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గినప్పుడు లైంగిక సంబంధం ద్వారా ఎదుటివారికి సోకదని పెద్ద అధ్యయనాలు తేల్చిన తర్వాత నా భార్య ముందు నేను మళ్లీ మామూలు మనిషినయ్యాను. ఆ తర్వాత మాత్ర నన్ను రోగిని చేసేదిగా కనిపించలేదు. ఈ మాటను ఇప్పటికీ కొందరు కౌన్సెలర్లు గట్టిగా చెప్పడానికి జంకుతున్నారు, చెబితే జనం విచ్చలవిడిగా తిరుగుతారని వారి భయం.

దరిదీపం

అందరికీ కృతజ్ఞతలు. ఇంతవరకు మేము అడుగుతున్న ప్రశ్న 'మందులు సరిగా వేసుకుంటున్నారా?' అన్నది. దానికి 'వేసుకుంటున్నాను' తప్ప వేరే సమాధానం చెప్పడం ఎవరికైనా కష్టమే. వచ్చే వారం నుంచి దీన్ని మార్చి, 'చాలామందికి నెలలో కొన్ని పూటలు తప్పుతుంటాయి. మీకు ఏ వేళలో, ఎక్కడ ఉన్నప్పుడు కష్టమవుతోంది?' అని అడగాలనుకుంటున్నాను. దానితో పాటు నిద్ర, దిగులు, మద్యం గురించి కూడా అడగాలి. ఈ చర్చలో ఎవరూ ప్రస్తావించలేదు గానీ, ఏళ్ల తర్వాత ఆగిపోయినవారిలో ఎవరో దగ్గరివారు పోయాకో, కాపురం చెడ్డాకో ఆపినవారు మా దగ్గర తక్కువేమీ కాదు. అది మాత్రల సమస్య కాదు, దిగులు వ్యాధి. దానికి వేరే చికిత్స కావాలి.

నాకు మిగిలిన సందేహం ఒక్కటే. నెలల విరామం తర్వాత తిరిగి వచ్చినవారికి మొదటిసారే మూడు నెలల మందు ఇవ్వవచ్చా? వారు నమ్మకం చూపేదాకా నెలకోసారి పిలవాలని మా దగ్గర కొందరు అంటున్నారు.

ఓపీ గది

ముందుగా సీడీ4 పరీక్ష చేసి, క్షయ లక్షణాలున్నాయేమో చూడాలి. మళ్లీ మంచం పట్టే స్థితిలో వచ్చినవారిని నెలకోసారి కంటే తరచుగానే చూడవలసి ఉంటుంది, అది వైద్య అవసరం. ఆరోగ్యంగా ఉన్నవారికి వచ్చిన రోజునే మందు మొదలుపెట్టి, మూడు నెలలకు వైరల్ లోడ్ పరీక్ష చేయించండి. అప్పటికీ వెయ్యికి మించి ఉంటే కౌన్సెలింగ్ పెంచి, మరో మూడు నెలలకు మళ్లీ పరీక్ష చేసి, ఆ తర్వాతే మందు మార్పు గురించి ఆలోచించాలి.

క్షేత్రం

నేను మూడు నెలల పక్షమే. రాలేకపోవడం వల్ల ఆగిపోయిన మనిషిని మూడింతలు ఎక్కువసార్లు రమ్మనడం నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. మధ్యలో మాట్లాడాలనుకుంటే ఫోన్ చేయవచ్చు. ఏ వేళలో చేస్తే ఇబ్బంది ఉండదో, వేరేవారు ఫోన్ ఎత్తితే ఎక్కడి నుంచి అని చెప్పాలో ముందే వారినే అడిగి దస్త్రంలో రాసుకోండి. మీ దగ్గర ఆ గడి లేకపోతే 'మరిచిపోయారు' అని రాసే గడిని తీసేసి అక్కడ పెట్టుకోండి.